పెట్టెలో రెండో వరుస

ఆఫీసులో మా ఐదుగురినీ బురద బ్యాచ్ అనేవాళ్లు. పక్క వరుసల్లో కూర్చునేవాళ్లు బ్యాంకుల యాప్‌లు రాసేవాళ్లు, మేం మట్టిని టైపు చేసేవాళ్లం. పాతికేళ్ల కిందట గోదావరి డెల్టాలో వేసిన బోర్ల నుంచి పొడుగాటి కడ్డీల్లా బయటికి తీసిన మట్టిని చెక్కపెట్టెల్లో పెట్టి, బాలానగర్‌లో ఒక షెడ్డులో దాచారు. ఆ పెట్టెల ఫొటోలు మాకు వచ్చేవి. ఎంత లోతులో ఏ మట్టి ఉందో ఫొటో చూసి కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. వంతెనలూ పెద్ద కట్టడాలూ కట్టేవాళ్లకు ఆ లెక్కలు కావాలట.

మాది సముద్రం ఊసే లేని జిల్లా. ప్రగతి నగర్‌లో ఇల్లు తీసుకున్నాక కూడా అమ్మ నీళ్లు చూసి వాడేది. మట్టంటే ఎర్రగా, పొడిగా ఉండేదే నాకు తెలుసు. నల్లటి బంకమన్నులో, అంత లోతున, గవ్వలు ఎందుకుంటాయో నాకు చెప్పింది మా సార్.

ఆయన ఆ బోర్లు వేసినప్పుడు దగ్గరుండి చూసిన జియాలజిస్టు. కోనసీమ మనిషి. రిటైరై చందానగర్‌లో ఉంటూ వారానికి రెండు రోజులు ఆఫీసుకు వచ్చేవారు. గేటు దగ్గర సెక్యూరిటీ అతన్నీ, టీ ఇచ్చే ఆవిడనీ, మా మేనేజర్‌నీ అందరినీ ఒకేలా అండీ అనేవారు. నన్నొక్కదాన్నే అమ్మా, నువ్వు అనేవారు. క్యాంటీన్లో నేను ఒంటరిగా కూర్చుంటే టిఫిన్ డబ్బా పట్టుకుని ఎదురుగా వచ్చి కూర్చుని, నేనేమీ అడక్కుండానే చెప్పేవారు. అడగడమంటే నాకు భయం కాబట్టి ఆ అలవాటు నాకెంతో హాయిగా ఉండేది.

"మంచు యుగానికీ మనకీ ఏంటిలే అనుకుంటావు. అక్కడ నీళ్లన్నీ మంచై కూర్చుంటే ఇక్కడ సముద్రం దిగిపోయింది. ఎంతనుకున్నావు? తాటిచెట్టు మీద తాటిచెట్టు పేర్చాలి. అది దిగితే గోదావరి ఊరుకుంటుందా? దాని వెనకే దిగుతూ నేలని లోతుగా కోసేసుకుంది. వరద ఎక్కని గట్టునేల వేల ఏళ్లు ఎండకి ఎండి, వానకి తడిసి, ఎరుపూ పసుపూ మచ్చలు పడి, సున్నపు గుళికలు కట్టి రాయిలా అయింది. తర్వాత మంచు కరిగింది. సముద్రం మళ్లీ పైకొచ్చి దాన్ని ముంచేసింది. మడ అడవులు మొలిచాయి. నీ ఫొటోల్లో కనబడే నల్లబంక ఆ అడవుల బురదేనమ్మా. సముద్రం ఒకచోట కుదురుకున్నాక, నది ఏటేటా వరదల్లో ఒండ్రు తెచ్చి పైన పరిచింది. మా వరిచేలు దాని మీదే."

టిష్యూ కాగితం మీద మూడు పట్టీలు గీశారు. పైన ఒండ్రు, మధ్యన నల్లబంక, కింద మచ్చల గట్టిమన్ను. "ఒక్కసారి వెళ్లింది, ఒక్కసారి వచ్చింది. మా ఊళ్ల కింద, ఈ లోతు వరకూ ఉన్న కథ ఇదే." ఆ కాగితం ఇప్పటికీ నా డైరీలో ఉంది.

ఆ డైరీలోనే, అంతకు ముందు పేజీలో, ఇంకో మాట కూడా ఉంది. పెట్టెకు అయిదు వరుసల గాడులుంటాయి, లోతు పెరిగే క్రమంలో ఒక్కో గాడిలో ఒక్కో మీటరు మట్టి. మొదటి గాడిని ఎడమ నుంచి చదవాలని మాకు చెప్పారు. చేరిన వారంలోనే నాకు అనుమానం వచ్చింది. మీటింగ్ చివర మేనేజర్ "ఎనీ డౌట్స్?" అన్నప్పుడు మాట గొంతుదాకా వచ్చింది. ఎవరో కుర్చీ వెనక్కి జరిపారు, అందరూ లేచిపోయారు. ఆ సాయంత్రం రాసుకున్నాను: "రెండో వరుస కూడా ఎడమ నుంచేనా? రేపు అడగాలి."

అడగలేదు. పుస్తకంలా అన్నింటినీ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోయాను.

ఆర్నెల్ల తర్వాత నేను ఎక్కించిన బోర్లన్నింటినీ కంప్యూటర్ పక్కపక్కన నిలబెట్టి చూపించింది. చాలా వాటిల్లో నల్లబంక, దాని కింద గట్టిమన్ను, మళ్లీ నల్లబంక, మళ్లీ గట్టిమన్ను. అంటే సముద్రం రెండుసార్లు వచ్చినట్టు. బోర్లు వేసినప్పుడు సార్ చేత్తో గీసిన పటంలో ఒక్కసారే ఉంది.

"సార్, మధ్యలో ఒక లేయర్ మొత్తం మిస్సయ్యారు మీరు," అన్నారు మేనేజర్ నవ్వుతూ. "అప్పట్లో ఎండ బాగా కొట్టినట్టుంది."

ఒకరిద్దరు నవ్వారు. సార్ స్క్రీన్‌కు దగ్గరగా వెళ్లి, కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని చాలాసేపు చూశారు. "నేను మన్ను పైకి రాగానే, తడారకముందే చూసి రాసుకునేవాణ్ణండీ. పెట్టెల్లో సర్దడం కూలీలు చూసుకునేవారు. కానీ ఇందులో... ఇందులో ఉందండీ గట్టిమన్ను. నాకే కనబళ్లేదేమో." ఆ చివరి మాట ఆయన మాలో ఎవరితోనూ అనలేదు.

మరుసటి నెల నుంచి ఆయన్ని రావద్దన్నారు. వెళ్లే రోజు తన భూతద్దం నా డెస్కు మీద పెట్టి, "నీ కళ్లు మంచివమ్మా, నువ్వుంచుకో," అన్నారు.

తర్వాత కొన్ని వారాలకు షెడ్డు ఖాళీ చేస్తున్నారంటే, జాబితా సరిచూడటానికి నన్ను బాలానగర్ పంపారు. షెడ్డు చూసుకునే ముసలాయన ఒకప్పుడు ఆ బోర్ల మీద పనిచేసినవాడే. నేను పెట్టె మీద వేలు పెట్టి చదువుతుంటే పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఏంది మేడం, గట్ల సదువుతున్నరు? రెండో వరుస ఇటుకెల్లి గాదు, అటుకెల్లి. గా అంచు మీద బాణం గీసినం, జర సూడుండ్రి."

చెక్క పక్క అంచు మీద, ఫొటోలో పడని చోట, వెలిసిపోయిన బాణం. రెండో వరుసకు అది ఎదురు తిరిగి ఉంది.

"అట్లెందుకు పెట్టారు?"

"చేతుల తడిమన్ను వట్టుకొని మల్ల మొదటి కొసకు ఎవడు పోతడు మేడం? దుక్కి దున్నినట్టే. కొసకు వోయినంక ఆడికెల్లే మలుపుకొస్తం."

"ఈ సంగతి ఎవరికీ చెప్పలేదా?"

"మమ్ముల నెవరన్న అడిగితె గద!" అని పళ్లు లేని నోటితో నవ్వాడు.

రెండో వరుసను కుడి నుంచి చదివాను. పైన నల్లబంక, కింద గట్టిమన్ను. అంతే. సముద్రం ఒక్కసారే వచ్చింది. రెండోసారి దాన్ని తెచ్చింది నేను.

ఆ రోజే చందానగర్ వెళ్లాల్సింది. వెళ్లలేదు. ఫోనులో ఆయన నంబరు తీసి చూసి పక్కన పెట్టేదాన్ని. ఏం చెప్పాలో డైరీలో నాలుగు రకాలుగా రాసుకున్నాను. సరిచేసిన ఫైలు మాత్రం మేనేజర్‌కు మెయిల్ చేశాను. బొటనవేలు బొమ్మ ఒకటి తిరిగొచ్చింది. సార్ సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అలా రెండు నెలలు గడిచిపోయాయి.

చివరికి ఒక ఆదివారం పొద్దున వెళ్లాను. మార్కెట్ వెనక వీధిలో రెండో అంతస్తు. సార్ భార్య మంచినీళ్లిచ్చి లోపలికెళ్లారు. రాసుకున్న నాలుగు రకాలూ మరిచిపోయి, బాణం నుంచి మొదలుపెట్టి, నేను అడగని ప్రశ్న దాకా వెనక్కి చెప్పాను.

"అయితే ఒక్కసారేనా అమ్మా?"

"ఒక్కసారే సార్. మీ పటమే కరెక్టు."

ఆయన ముఖం వెలిగింది. గోడవైపు చెయ్యి చాచబోయి, ఆగిపోయారు. అక్కడొక ఇనుప అల్మారా ఉంది. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అరల్లో ఏమీ లేదు.

"నా నోట్సులు ఉండేవమ్మా ఇందులో. కృష్ణవీ, పెన్నవీ, అన్నీ. వాటికి పెట్టెలు కూడా లేవు, ఎప్పుడో పారేశారు. నేను రాసింది ఒక్కటే మిగిలింది." అల్మారా దగ్గరికి నడిచారు. "కళ్లు నమ్మలేనివాడు రాసినవి ఎవరికి పనికొస్తాయని, పోయిన నెల్లో పాత పేపర్ల బండికి వేసేశాను."

పోయిన నెల. వేళ్లు ముడిచి లెక్కపెట్టుకోవాల్సిన అవసరం నాకు రాలేదు. ఆయనకొచ్చింది.

"షెడ్డుకి ఎప్పుడెళ్లావు?"

"రెండు నెలలైంది సార్."

ఆయన అల్మారా తలుపులు దగ్గరగా వేసి, అవి మళ్లీ తెరుచుకోకుండా చేత్తో నొక్కి పట్టుకున్నారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

భూతద్దం సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. దాన్ని ఆయన ముట్టుకోలేదు.

"ఎండెక్కుతోందండీ," అన్నారు నాతో. "మీరు బయల్దేరండి."