కొంగులోంచి తీసిన పోగు

పోయిన సోమవారం ఉదయం హిందూపురంలో నా భార్య పోయింది. గుండెపోటు. ధర్మవరం వెళ్లే పొద్దుటి ప్యాసింజరులో, ఆమె కూర్చునే కిటికీ పక్కన ఆ రోజు ఎవరూ కూర్చోలేదట.

ఆమె పెనుకొండలో నర్సు. ఇన్నేళ్లూ ఉద్యోగానికి ఆ రైల్లోనే వెళ్లొచ్చేది. ఆ పెట్టెల్లో, ప్లాట్‌ఫారాల మీద ఇల్లూవాకిలీ లేనివాళ్లు ఉంటారు. మనం చూపు తిప్పుకుంటాం. ఆమె వాళ్ల పక్కనే కూర్చునేది. సంచిలో పుండ్లకు మందు, కట్టుగుడ్డలు, చిత్రాన్నం పొట్లాలు ఉండేవి. వాళ్లకు టికెట్టు కూడా తనే తీసేది. "టికెట్టుంటే ప్రయాణికుడు. లేకుంటే ఎవురైనా దింపేసే మనిషి" అనేది.

టికెట్ కలెక్టర్ ఆటపట్టించేవాడు.

"ఏమక్కా, ఈ పొద్దు చుట్టమెవురు?"

"మా మేనమామ."

"నిన్న కూడా మేనమామేనే! ఎంతమందుండారక్కా మీ అమ్మకు అన్నదమ్ములు?"

"టికెట్టు చూసుకోని పోప్పా నువ్వు."

ఒక్క మనిషి దగ్గర మాత్రం ఆమె ఓడిపోయింది. యాభై దాటినవాడు. హిందూపురం, ధర్మవరం మధ్య రోజంతా తిరిగేవాడు. పేరడిగినా ఊరడిగినా పలికేవాడు కాదు. కాలి పుండు ముదురుతోందని ఒక ఆశ్రమంలో చేర్పించింది. వారం తిరక్కుండానే మళ్లీ రైల్లో కనిపించాడు. ఇక వదిలెయ్యమన్నాను.

"తప్పు నాదేలే" అంది. "వస్తావా అని అడగనే లేదు. మూట మాదిరి దించేసి వస్తి."

ఆ ఆదివారం నేనూ ఆమె వెంట వెళ్లాను. అతను చిరిగిన తువ్వాలు అంచు వేళ్లతో మెలిపెడుతూ కూర్చున్నాడు. నా భార్య ధర్మవరం మగ్గాల ఇంట్లో పుట్టింది. ఆ వేళ్లనే కాసేపు చూసింది. తన కొంగు కుచ్చులోంచి ఒక పోగు లాగి, రెండుగా తెంచి అతని అరచేతిలో పెట్టింది.

అతను రెండు కొసలూ చేర్చి బొటనవేలితో ఒక్క మెలి తిప్పాడు. పోగు ఒకటయింది. ఆమె లాగి చూసింది. తెగలేదు.

"మగ్గమోడివే కదన్నా. యాడ నేస్తాంటివి?"

అతను ఆ పోగును వేలికి చుట్టుకుంటూ చెప్పాడు. "ధర్మవరం." చుట్టు విప్పుతూ, "చెల్లెలుండాది."

"పోదామా?"

ఈసారి అడిగింది. పెనుకొండ దాటాక అతను తలూపాడు.

ధర్మవరంలో మగ్గాల చప్పుడు మధ్య వీధి వీధీ తిరిగాం. ఒక గడపలోంచి చెల్లెలు పరుగెత్తుకొచ్చింది. "యాడికి పోతివన్నా ఇన్నేండ్లు!" అని ఏడుస్తూనే వీపు మీద రెండు దెబ్బలు వేసింది. భార్య చనిపోయాక మగ్గం దిగి వెళ్లిపోయాడట. వాళ్లు ఏడుస్తుంటే నా భార్య కింద కూర్చుని అతని కాలికి కట్టు మార్చింది.

నేను కాలేజీలో పాఠాలు చెప్పినవాణ్ని. మనిషిని ఏమడగాలో ఆమె దగ్గర చూశాను. ఆ రోజు చాలా గర్వపడ్డాను. ఆ మాట ఆమెతో అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

మూడో రోజున అన్నాచెల్లెళ్లిద్దరూ వచ్చారు. "టికెట్టు తీయంది మాయన్న రైలెక్కడు సార్ ఇప్పుడు" అంది చెల్లెలు. వరండాలో తీగ మీద నా భార్య చీర ఇంకా అలాగే ఉంది. తీయడానికి నాకు చేతులు రాలేదు. కొంగు కుచ్చు ఒక పక్క పలచబడి, పోగులు విడిపోయి వేలాడుతున్నాయి. అతను దాన్ని చూశాడు.

"ముడేసేదా సార్?" అని అడిగాడు.

తలూపాను. అతను చీరను తీగ మీంచి దించి, నేల మీద కూర్చుని ఒక్కో పోగూ వేళ్లలోకి తీసుకున్నాడు. చీర రెండో కొస బిగువుగా పట్టుకుని నేను ఎదురుగా కూర్చున్నాను.