అవతలి బాయివాళ్ల పట్టా మోత

మా బొగ్గుబాయి ఫుట్‌బాల్ టీములో నేను రైట్ అవుట్‌ను, అంటే కుడి అంచున ఆడేవాణ్ణి. పరుగెత్తడం బాగా వచ్చు, బంతిని వెంట తీసుకుపోవడమే అంతగా వచ్చేది కాదు. అయినా ఆదివారం మా గ్రౌండు నిండేది. సగం మంది ఆట కోసం, మిగతా సగం మోత కోసం వచ్చేవాళ్లు.

మోత మా బాపుది. ఆయన బొగ్గుబాయిలో హాలేజీ ఇంజను నడిపేవాడు. బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే ఇంజను అది. కింద నుంచి కొట్టే గంటను బట్టి నడపాలి. మా బాయిలో మూడు కొడితే లాగు, ఒకటి కొడితే ఆపు. పట్టాల మీద మనిషి అడ్డం పడ్డా అదే ఒక్క దెబ్బ, ఆపమని. వరసగా ఓడిపోతున్నామని ఒళ్లు మండి, ఒక ఆదివారం బాపు గ్రౌండు పక్కన వేపకొమ్మకు తుక్కు రైలుపట్టా ముక్కను వేలాడదీశాడు. నా దగ్గరికి బంతి రాగానే సుత్తితో మూడు కొట్టాడు. నేను నిజంగానే బంతిని లాక్కుపోయాను, గోలు పడింది. ఆనాటి నుంచి ఆ మూడు దెబ్బలు లేకుండా మా ఆట లేదు.

ఇంత మంచిది పక్కవాళ్ల కంట పడకుండా ఉంటుందా? ఒక బాయివాళ్లు నూనె డ్రమ్ములు తెచ్చారు. ఇంకో బాయివాళ్లు ఏకంగా గుడి గంట పట్టుకొచ్చారు. మేం నవ్వుకున్నాం. గోదావరికి అవతల, కరీంనగర్ జిల్లాలో కొత్తగా తెరిచిన బాయికి ఆడటానికి పోయినప్పుడు మాత్రం నవ్వు ఆగిపోయింది. అక్కడ అచ్చం మాలాగే పట్టా ముక్క వేలాడుతోంది. సుత్తి పిడికి మేం చుట్టే ఎర్రగుడ్డతో సహా మా పద్ధతంతా ఎత్తుకుపోయారు.

వాళ్లంతా మగ్గాలూ నాగళ్లూ వదిలి వచ్చిన కొత్తవాళ్లు, బాయిలోకి దిగి నాలుగు నెలలు కాలేదు. గంటల లెక్క తెలియదు, ఎన్ని బుద్ధి పుడితే అన్ని కొడుతున్నారు. ఆట మధ్యలో ఊరికే ఒక్కటి కొట్టారు. పదేళ్లుగా టబ్బుల మధ్య బతికిన మా బ్యాకు ఆటగాడు బంతి మీద కాలు పెట్టి టక్కున నిలబడ్డాడు. పక్కవాడూ నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. వాళ్ల ఫార్వర్డు మా మధ్య నుంచి సంతకు పోతున్నట్టు తీరిగ్గా పోయి గోలు వేశాడు. ఇదెక్కడి న్యాయమని రిఫరీని అడిగితే, ఇనుము కొట్టొద్దని రూలెక్కడుందని ఎదురడిగాడు.

తిరుగు రైల్లో నేను తిట్టని తిట్టు లేదు. బాపు మాత్రం వాళ్లు కొట్టిన దెబ్బలను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాడు.

నెల తర్వాత జరగాల్సిన కప్పు ఫైనల్ మళ్లీ వాళ్లతోనే పడింది, అదీ మా గ్రౌండులో. నాకు ముప్పై దాటాయి. వచ్చే ఏడు టీములో ఉంచుతారన్న ఆశ లేదు. ఒక్క కప్పునైనా చేత్తో ముట్టుకోవాలని మహా కోరికగా ఉండేది. అలాంటి సమయంలో బాపు సెలవు రోజు పొద్దున్నే ప్యాసింజరెక్కి మాయమవడం మొదలుపెట్టాడు.

"బాపు ఏడికి పోతుండు?" అని అమ్మను అడిగాను.

"గోదారి అవతలికి. ఆళ్లకు కొట్టుడు నేర్పుతుండట."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బాపు వచ్చి అన్నానికి కూర్చునేదాకా కూడా ఆగలేకపోయాను.

"మన మోత ఎత్తుకపోయినోళ్లకు నువ్వే పోయి నేర్పుతున్నవా బాపూ?"

"ఎత్తుకపోతె పోనియ్. తప్పుగ ఎత్తుకపోయిండ్రు," అన్నాడు కాళ్లు కడుక్కుంటూ. "ఆట కాడ ఇష్టమొచ్చినట్టు కొట్టుడు అలవాటైతె, రేపు బాయిల గూడ గట్లనే కొడ్తరు. ఆడ మనుషులుంటరు బిడ్డా."

"మరి మన కప్పు?"

"నువ్వు జర బంతి మీద నిగా పెట్టు."

కన్నకొడుకు కంటే వాళ్లే ఎక్కువైపోయారని నేను ఆయనతో మాట్లాడటం మానేశాను.

ఫైనల్ నాడు వాళ్లు తమ పట్టాను రైల్లో మోసుకొచ్చి ఇంకో చెట్టుకు కట్టారు. మూడు దెబ్బలు ఎంత శుభ్రంగా కొట్టారంటే, నాకు కడుపు మండింది. చెరో గోలు పడి, ఆట చివరికి వచ్చింది. అప్పుడు బంతి నాకు దొరికింది. బాపు మూడు కొట్టాడు. ముందు గోల్‌కీపర్ ఒక్కడే ఉన్నాడు, మీసాలాయన, అతనూ కొత్తవాడే. నేను కాలు వెనక్కి లాగి తన్నబోయాను.

అవతలి చెట్టు దగ్గర ఒక్క దెబ్బ మోగింది.

నా కాలు గాల్లోనే ఆగింది. గ్రౌండంతా ఆగింది, వాళ్లవాళ్లతో సహా. మోసమని అరవబోతూ కిందికి చూశాను. బంతి పక్కకు జారిపోయింది. అది ఉండాల్సిన చోట, బంతికని దూకిన మీసాలాయన తల ఉంది. మేం బాయిలో తొడిగే బరువు బూట్లతోనే ఆడేవాళ్లం.

అతను లేచి బంతిని దూరంగా తన్నేశాడు. కాసేపటికి వాళ్లు ఇంకో గోలు వేసి కప్పు పట్టుకుపోయారు. నాకు ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు? ఆ తల గుర్తొచ్చి నా బూట్ల వంక చూసుకున్నాను. వేపచెట్టు కింద బాపు ఇంకా సుత్తి పట్టుకునే ఉన్నాడు. పోయి పక్కన కూర్చున్నాను.

"మంచిగ నేర్పినవ్ బాపూ," అన్నాను. ఎన్నో రోజుల తర్వాత ఆయనతో నేనాడిన మొదటి మాట అది.