మంచు మిషన్, మా డ్రైవర్ చిన్నాయన

చిన్నాయన పోయాడని కువైట్ నుంచి ఉత్తరం వచ్చిన రోజు నేను ఏడవలేదు. అన్నం తిన్నాను, బట్టలు ఆరేశాను. అది చూసి మా అమ్మ పక్కింటామెతో, "బిడ్డ ఆ యుద్ధంలో జడుసుకోనొచ్చింది. అప్పట్నుంచి మనిషి మనిషిగా లేదు" అంది. సాయంత్రానికి నా చేతికి ఇంకో తాయెత్తు కట్టించింది. ఇది మూడోది. డిగ్రీ చదివిన పిల్ల మాట్లాడకుండా కూర్చుంటే భయమే అనుకుంటారు. దాని దగ్గర చెప్పకుండా దాచుకున్న మాట ఒకటి ఉండొచ్చని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఆయన నాకు బంధువు కాదు. రాయచోటి మనిషి, ముస్లిం. కువైట్‌లో నేను పనిచేసిన ఇంటి డ్రైవరు. ఆ ఇంట్లో ఒక పెద్దామె ఒంటరిగా ఉండేది. ఆమెకు వేళకు మందులివ్వడం, ఇంగ్లీషు కాగితాలేవైనా వస్తే చదివి చెప్పడం నా పని. అక్కడ పనివాళ్లందరూ ఇంటి యజమానురాలిని పిలిచినట్టే ఆమెను మామా అనేదాన్ని. చేరిన రోజే మా కడప అలవాటుకొద్దీ డ్రైవరునూ "మామా!" అని పిలిస్తే లోపలి గదిలోంచి ఆమె పలికింది. ఆయన భుజం మీది గుడ్డను నోటికడ్డం పెట్టుకుని నవ్వి, "ఈ ఇంటికి మామా ఒగ్గరే పాపా. నన్ను చిన్నాయనా అను" అన్నాడు.

భుజం మీద ఆ గుడ్డ ఎప్పుడూ ఉండేది. ఇంజను నూనె తుడవడానికి ఒక అంచు, మొహం తుడుచుకోవడానికి ఇంకో అంచు. నేను చూసినన్నాళ్లూ ఆ రెండూ కలవలేదు. స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించి, కొనను ఇంజనుకు తాకించి, కళ్లు మూసుకుని వినేవాడు. "మనిషి కంటే ఇదే మేలు పాపా. యాడ నొప్పో దాచిపెట్టదు" అనేవాడు.

మామా అమెరికాలో కొడుకు ఇంటికి పోయినప్పుడు అక్కడ ఒక మిషన్ చూసింది. ఇంటి ముందు కారు దారిలో పేరుకున్న మంచును ఎత్తి దూరంగా చిమ్ముతుందట. మాకు మంచెక్కడిది? కానీ గాలిదుమ్ము లేచిన ప్రతిసారీ గేటు నుంచి కారు షెడ్డు దాకా మోకాలెత్తు ఇసుక. మంచును చిమ్మేది ఇసుకనూ చిమ్మదా అని ఆమె ఆలోచన. కొడుకు దగ్గర్నుంచి ఆ మిషన్ల పుస్తకం ఒకటి తెప్పించి, ఏది కొనాలో ఎంచమని చిన్నాయన చేతిలో పెట్టింది. ఆయనకు ఇంగ్లీషు రాదు. పుస్తకం నా దగ్గరికి వచ్చింది.

షెడ్డులో తలకిందులు చేసిన బకెట్ మీద కూర్చుని ఆయన ఒక్కొక్కటే అడిగాడు. "ఎంత వెడల్పు నోరు? మన గేటులో పట్టాల గదా. చక్రాలకు గూడా ఇంజను తగులుకోనుంటాదా, మనమే తొయ్యాల్నా? ఎగువకు తొయ్యాలంటే నా నడుము పోతాది. తాడు లాగి స్టార్ట్ చేసేదా? తాడుదే మేలు."

ఒక రకంలో మరలాంటి రేకే మంచును లాగి తనే విసురుతుంది. పెద్ద రకంలో మర లాగుతుంది, దాని వెనక ఫ్యాను విసురుతుంది. నాకు ఫ్యాను ఉన్నది నచ్చింది.

"పెట్రోలుదా, కరెంటుదా?" అన్నాడు.

పుస్తకంలో 'గ్యాస్' అని ఉంది. "గ్యాస్‌ది. సిలిండర్ తగిలించాలి" అన్నాను.

ఆయన చాలాసేపు బొమ్మ చూశాడు. "సిలిండర్ యాడ పెడతారో కనపళ్లేదే. అది ఉండనీ. ఇసక బరువు పాపా. ఇనుమును తినేస్తాది."

"మంచూ పొడే, ఇసుకా పొడే చిన్నాయనా. ఫిజిక్స్ చదివింది నువ్వా, నేనా?"

"నువ్వే తల్లీ" అన్నాడు. మామా దగ్గరికి పోయి నేను వేలు పెట్టిన బొమ్మ చూపించాడు.

మిషన్ ఓడలో వచ్చేసరికి ఎండలు ముదిరాయి. నేను వంటింటి సిలిండర్ దొర్లించుకుంటూ పోతే, ఆయన అప్పటికే ఒక మూత తిప్పి, లోపల వేలు పెట్టి వాసన చూస్తున్నాడు. "అమెరికావోళ్లు పెట్రోలునే గ్యాస్ అంటారేమో పాపా. దాన్ని తీసకపోయి ల్వాపల పెట్టు, మామా టీ తాగాల" అన్నాడు. ఒక్క నవ్వు నవ్వలేదు. నేను తలెత్తలేకపోయాను.

ఆ రోజే తాడు ఎలా లాగాలో నేర్పాడు. "ముందు మెల్లగ లాగు. ల్వాపల యాడో ఒగచోట పట్టుకుంటాది. ఆడ నిలబడు. ఆ తర్వాత ఒగటే లాగుడు. అనుమానంగా లాగినావంటే స్టార్ట్ కాదు, చెయ్యే గుంజుతాది."

మిషన్ పది అడుగులు బాగానే పోయింది. ఆ తర్వాత ఇసుకంతా ఎగిరి తెరిచి ఉన్న కిటికీలోంచి మామా పరుపు మీద పడింది. బెల్టు కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. అల్ రాయ్‌లో వర్క్‌షాపుకు తీసుకుపోతే, మెకానిక్ విప్పి చూసి చేతులెత్తేశాడు.

మామా ఇద్దర్నీ నిలబెట్టి అడిగింది, దీన్ని ఎంచిందెవరని. నేను నోరు తెరిచేలోపల చిన్నాయన, "నేనే మామా" అన్నాడు. తెరిచిన నోరు నేను మూసుకున్నాను. ఆయన జూలైలో రాయచోటికి పోవాలి. మూడేళ్లకు వచ్చిన సెలవు. "ఈ ఏడు సెలవు లేదు, ఖలాస్!" అంది ఆమె. షెడ్డులోకి పోయాక నేను ఏడిస్తే, "నిన్నయితే పంపించేసేది పాపా. నాదంటావా, వచ్చే ఏడు పోతా" అన్నాడు.

ఆగస్టు మొదట్లో ఇరాక్ సైన్యం వచ్చింది.

ఇల్లిల్లూ సోదా చేస్తున్నారని తెలిసినప్పుడు మామా తన బీరువాలోంచి మా పాస్‌పోర్టులు తీసి ఇచ్చేసింది. చిన్నాయన వాటినీ నా డిగ్రీ సర్టిఫికెట్‌నూ ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మంచు చిమ్మే ఆ మిషన్ గొట్టంలోకి తోశాడు. సైనికులు కారు తీసుకున్నారు, టీవీ తీసుకున్నారు, పైకప్పుకున్న ఫ్యాన్లు కూడా విప్పుకున్నారు. ఒకడు మిషన్‌ను బూటుతో తన్ని ఇదేంటని అడిగాడు. చిన్నాయన అరబ్బీలో చెప్పాడు, మంచు ఎత్తేది అని. ఆ ఎండలో వాళ్లందరూ పగలబడి నవ్వుకుంటూ పోయారు.

వాళ్లు పోయాక గొట్టంలోంచి సంచి తీసి నా చేతిలో పెడుతూ, "బాగానే ఎంచినావు పాపా. ఈ ఊర్లో దొంగకు గూడా పనికిరాని సామాను ఇదొగటే" అన్నాడు.

మనవాళ్లను బస్రా మీదుగా జోర్డాన్‌కు చేర్చే బస్సులు బయల్దేరాయి. ఆయన రాలేదు. "నువ్వు యల్లా, బయల్దేరు. నేనూ వస్తే ముసిలామెకు నీళ్లు ఎవురు తెస్తారు? సెలవు గూడా లేదు గదా నాకు" అన్నాడు. ఆ చివరి మాట నవ్వుతూనే అన్నాడు. మామా నా తల నిమిరి పంపింది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ఊరు చేరాక ఆయన క్షేమం చెప్పడానికి రాయచోటికి పోయాను. ఆయన భార్య టీ ఇచ్చి, "ఆయప్పకు ఇంజన్ల పిచ్చి. ఉత్తరంలో రాసినాడే, ఆ మంచు మిషన్ ఎంచకపోయింటే జూలైలో ఇంట్లో ఉండేటోడు. ఎవురు ఎంచమన్యారంట?" అంది. నేను టీ తాగి వచ్చేశాను.

యుద్ధం అయిపోయాక కూడా ఆయన రాలేదు. చమురు బావులు కాలిన నల్లపొగలో దగ్గు పట్టుకుందని, ఆస్పత్రిలో పోయాడని, అక్కడే మట్టి చేశామని పక్కింటి డ్రైవరు ఉత్తరంలో రాశాడు. మిషన్ ఇంకా షెడ్డులోనే ఉందట.

ఆయన కడసారి నాకు కనబడింది ఆ షెడ్డు ముందే. ఒక చెయ్యి మిషన్ పిడి మీద, ఇంకో చేత్తో భుజం మీది గుడ్డ తీసి ఊపుతున్నాడు. మొహం తుడుచుకునే అంచే పైకి ఎగురుతోంది.

ఇందాక అమ్మకు అంతా చెప్పేశాను. "పోయినాయన ఎట్లా పోయినాడు. ఇప్పుడు పోయి చెప్తే ఆయన పెండ్లాం నిన్ను తిట్టేదే గదా" అంటోంది అమ్మ. తిట్టనీ. రేపు పొద్దున మొదటి బస్సుకు రాయచోటి పోతున్నాను. ఆ మిషన్ ఎంచింది నేనని ఆమెకు చెప్తాను.