చేరకముందే వీడ్కోలు సభ

మనిషిని తరిమేయడానికి తిట్టక్కర్లేదు, కొట్టక్కర్లేదు. శాలువా కప్పితే చాలు. ఈ సత్యాన్ని నేను బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, నిండు సభలో, మైకు పట్టుకుని మరీ నిరూపించాను. ఇప్పుడు చెప్పబోయేది ఆ ఘనకార్యం గురించే. మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ ఆ సభ జరిగిన హాలు ముందు నుంచి వెళ్లాలంటే సిగ్గేస్తుంది. నా బండి కూడా దానంతటదే పక్క సందులోకి తిరిగిపోతుంది.

అప్పటికి నా ఉద్యోగం కొత్తది, పొగరు మాత్రం పాతదే. ఇంట్లో కూర్చునే కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటూ, ఖాళీ దొరికినప్పుడు ఒక యాప్ తయారుచేశాను. మా ఊళ్లో రైల్వే తెలుగు కుటుంబాల పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు గానీ, బడి చదువంతా హిందీలో కాబట్టి తెలుగు చదవలేరు. శ్రీకాకుళం నుంచి శుభలేఖ వస్తే అటూ ఇటూ తిప్పి, వినాయకుడి బొమ్మ బాగుందని మెచ్చుకుని పక్కన పెట్టేస్తారు. నా యాప్‌తో ఆ శుభలేఖను ఫొటో తీస్తే, అందులోని తెలుగంతా హిందీ అక్షరాల్లో కనిపిస్తుంది. తెలుగు మాటలే, తెలిసిన అక్షరాల్లో చదువుకోవచ్చు.

దాన్ని ఓపెన్ సోర్స్‌గా పెట్టాను. అంటే ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపల ఎలా తయారైందో విప్పి చూడొచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది నాకు పంపొచ్చు. నేను చూసి సరేనంటే ఆ దిద్దుబాటు అందరి ఫోన్లలోకీ వెళ్తుంది. ప్రపంచం నలుమూలల నుంచీ జనం వచ్చి పడతారని తలుపులు బార్లా తెరిచి కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు. నాతో పాటు మొదలుపెట్టిన స్నేహితుడు పెళ్లయ్యాక ఫోనెత్తడం మానేశాడు. ఉద్యోగంలో పని పెరిగింది. ఇంకో చెయ్యి తోడు పడకపోతే యాప్‌ను మూసేయాల్సిందేనని నాకు తెలుసు.

అలాంటి వేళ పూజ నుంచి మెసేజ్ వచ్చింది. మా ఊరి చివర కోని అనే చోట ఉన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో చదువుకుంటున్న అమ్మాయి. వాళ్లదీ మన రైల్వే కుటుంబమే. "సార్, మా మామ్మ ఫోన్ పాతది. మీ యాప్ తెరవగానే మూసుకుపోతోంది. నాకు తోచినట్టు దిద్ది పంపుతున్నాను. ఇలాంటి పని చేయడం ఇదే మొదటిసారి. తప్పుంటే క్షమించండి" అని హిందీలో రాసింది.

కుర్చీలోంచి లేచి గంతేశాను. వెంటనే ఆ అమ్మాయి పంపిన దిద్దుబాటు తెరిచి చూశాననుకుంటున్నారు కదూ? మీరు బుద్ధిమంతులు, అలాగే అనుకుంటారు. నేను మాత్రం ఇంటర్నెట్‌లో 'కొత్తవారికి స్వాగతం పలకడం ఎలా' అన్న వ్యాసాలన్నీ వెతికి వెతికి చదివాను. ఆవేశం పొంగింది.

"చాలా సంతోషం! ఆదివారం తెలుగు సంఘం హాల్లో మీకు ఘనస్వాగతం" అని జవాబిచ్చాను.

"అచ్ఛా సార్. లేకిన్ నేను పంపింది చూశారా?"

"అదంతా తర్వాత. ముందు స్వాగతం!"

ఆ 'తర్వాత' అన్న మాటే నా కొంప ముంచింది.

సంఘం కార్యదర్శి మా అప్పలరాజు మావయ్య. అమ్మకు తమ్ముడు, గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. వెళ్లి విషయం చెప్పాను.

"మావయ్యా, మా పనిలోకి కొత్తగా ఒక అమ్మాయి వస్తోంది. చిన్నగా స్వాగతం చెప్పాలి."

"ఏటి, సభా?" మావయ్య కళ్లు వెలిగిపోయాయి. "నాకొగ్గీరా సీనూ. సభలు సెయ్యడం నాకు కొత్తేటి?"

కొత్త కాదు, నిజమే. కానీ ఆయన చేయించినవన్నీ ఒకే రకం సభలు. మా కాలనీలో అందరికీ కంఠతా వచ్చిన వేడుక రిటైర్మెంటు ఒక్కటే. దండ, శాలువా, గోడ గడియారం, బూందీ పొట్లం, ఉపన్యాసాలు, ఆ పైన బ్యాండు మేళంతో క్వార్టర్ దాకా ఊరేగింపు. పోయేవాడికి ఇన్ని మర్యాదలు గానీ, చేరేవాడికి ఇంజన్ల షెడ్డు దారి చూపించి వదిలేస్తారు. ఈ ముక్క నాకు తట్టాల్సింది. తట్టలేదు.

ఆదివారం హాలు నిండిపోయింది. రిటైరైన పెద్దలంతా తెల్ల చొక్కాలతో అలవాటుగా వచ్చి, అలవాటుగా ముందు వరసలో కూర్చున్నారు. పూజ రాజ్‌కిశోర్ నగర్ నుంచి వాళ్ల మామ్మను వెంటబెట్టుకుని వచ్చింది. రాగానే ఆ అమ్మాయిని వేదిక మధ్య సింహాసనంలాంటి కుర్చీలో కూలేశారు. మోకాళ్ల దాకా వేలాడే బంతిపూల దండ వేశారు, శాలువా కప్పారు, చేతిలో గోడ గడియారం పెట్టారు. మావయ్య మైకు అందుకున్నాడు.

"సుదీర్ఘకాలం మచ్చలేని సేవలందించిన శ్రీమతి పూజగారు, ఇకపై తమ శేషజీవితాన్ని మనవలతో..."

నేను ఆయన చొక్కా పట్టుకుని గుంజాను. "మావయ్యా! చదువుకునే పిల్ల!"

"ఉండరా, మద్దెలో ఆపితే మళ్లీ మొదట్నించీ సెప్పాల" అని గొణిగి, మనవల దగ్గర్నుంచి ఆయురారోగ్యాల దాకా పూర్తి చేశాడు.

అక్కడే సభ ఆపేసి క్షమాపణ చెప్పాల్సింది. కానీ మైకు నా చేతికొచ్చింది. మైకంటే మాటలా? కొత్తవాళ్లను ఎలా గుండెలకు హత్తుకోవాలో తెగ చెప్పాను. నా కంఠం నాకే ముద్దొచ్చింది. వేదిక మీద ఆ పిల్ల దండ బరువుకు వంగిపోయి, చెమటలు తుడుచుకుంటోందని గమనించనే లేదు. ఆ ఊపులోనే మావయ్య పాత ఫోన్ తీసుకుని, "ఇదిగో, మన యాప్ చూడండి" అంటూ వెనక కట్టిన బ్యానర్‌కు గురిపెట్టాను. యాప్ తెరుచుకుంది. మూసుకుంది. మళ్లీ నొక్కాను. మళ్లీ మూసుకుంది.

"ఏటిరా సీనూ, నీ యాపుకి నిద్రొస్తందేటి?" అన్నారు ముందు వరసలోంచి. హాలంతా నవ్వింది.

పూజ మెల్లగా అంది. "సార్, అదే కదా నేను ఠీక్ చేసి పంపాను? మీరు చూళ్లేదా?"

మైకు ఆన్‌లోనే ఉంది. ఆ ప్రశ్న చివరి వరస దాకా వినబడింది.

"చూ... చూస్తాను. సభ అవనీ" అన్నాను.

పూజ గడియారం పక్కన పెట్టి లేచింది. తను దిద్దిన యాప్ ఉన్న మామ్మ ఫోన్ తీసి, అదే బ్యానర్‌ను ఫొటో తీసింది. యాప్ చక్కగా పనిచేసింది. ఆ అమ్మాయి కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"ప...ద...వీ... వి...ర...మ...ణ... స...భ. మామ్మా, పదవీ విరమణ అంటే క్యా హోతా హై?"

సంఘానికి ఉన్నది ఒక్కటే బ్యానర్. పేరున్న చోట కాగితం ముక్క అంటించి అందరికీ అదే వాడతారు. పొద్దుట్నుంచీ నేను దాని కిందే నిలబడ్డాను. తెలుగు చదవడం వచ్చినవాణ్ణి, దానికోసం యాపే తయారుచేసినవాణ్ణి, తలెత్తి చూడలేదు.

"రిటైర్మెంటే గుంటా!" అంది మామ్మ. "అదేటే, నువ్వింకా సేర్నేనేదు గదే!"

హాలు పగిలిపోయేలా నవ్వారు. పూజ నవ్వలేదు. కళ్లనిండా నీళ్లతో నా వైపు చూసింది. "సార్, తప్పు చేశానా? నన్ను నికాల్ రహే హై క్యా, తీసేస్తున్నారా?"

నేను నోరు తెరిచేలోపే మామ్మ లేచింది. "మీ తాతనీ ఈ బేనరు కిందే కూకోబెట్టినారే. మర్నాటి నించీ షెడ్డోలు ఒక్కరూ పలకరించనేదు. శాలువా కప్పీసినారంటే నీతో పనైపోయినట్టే. పద ఇంటికి." మనవరాలి మెడలో దండ తీసి కుర్చీ మీద పడేసి, కప్పిన శాలువాతోనే ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. బయట మాట్లాడి ఉంచిన బ్యాండువాళ్లు అలవాటు ప్రకారం వాయించడం మొదలుపెట్టారు. ఆ మోతలోనే ఇద్దరూ ఆటో ఎక్కారు.

ఆ సాయంత్రం ఆ అమ్మాయి పంపింది తెరిచాను. టీ తాగినంతసేపు కూడా పట్టలేదు చూడడానికి. చిన్నది, శుభ్రంగా ఉంది, వంక పెట్టడానికి లేదు. వెంటనే చేర్చేసి, 'చేర్చాను' అని మెసేజ్ పెట్టాను. జవాబు రాలేదు. ఎన్ని రోజులు చూసినా రాలేదు. చివరికి సిగ్గు చంపుకుని రాజ్‌కిశోర్ నగర్ వెళ్లాను.

మామ్మ తలుపు సగమే తీసింది. "ఏటి బాబూ, బేండు కూడా తెచ్చినావా?"

"లేదు మామ్మగారూ. క్షమాపణ చెప్పుకుందామని వచ్చాను."

పూజ బయటికొచ్చింది. "నీ పని చూడకుండా నా గొప్ప చూపించుకున్నానమ్మా" అన్నాను.

"సార్, ఆ మెసేజ్ ఎన్నిసార్లు రాసి చెరిపానో మీకు తెలీదు. పంపాక ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నా. గలత్ హై, తప్పుంది అని చెప్పినా ఖుషీ అయ్యేదాన్ని. మీరు చూడనే లేదు" అంది. కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అంది.

ఆ గుమ్మంలో నేను ఎంత చిన్నబోయానో చెప్పడానికి నాకు ఏ అక్షరాలూ చాలవు, తెలుగువైనా హిందీవైనా.

"ఇప్పుడు నేనేం చేయాలి?"

"ఇంకో పని ఇవ్వండి. దండ మాత్రం తేవద్దు, బస్."

ఇచ్చాను. ఇప్పుడు ఆ యాప్ నడిపించేది పూజే. తన క్యాంపస్ నుంచి ఇంకా కొంతమందిని తెచ్చింది. ఎవరైనా కొత్తగా ఏదైనా పంపితే ముందు అది తెరిచి చూస్తుంది, బాగుందో లేదో చెబుతుంది, తర్వాతే పేరడుగుతుంది.

కాబట్టి పాఠక మహాశయులారా, బిలాస్‌పూర్ స్టేషన్‌లో ఆగే రైళ్లన్నిటి సాక్షిగా, నేను ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. కొత్తవాళ్లు పంపిన పనిని ఆ రోజే చూస్తాను. వాళ్ల దరిదాపులకు దండను గానీ, మైకును గానీ, మావయ్యను గానీ రానివ్వను.

తప్పితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఆ శాలువా ఇంకా మామ్మ పెట్టెలో కలరా ఉండల మధ్య భద్రంగా ఉంది. కొత్తవాళ్ల పని చూడకుండా నేను మళ్లీ పక్కన పెట్టిన రోజున దాన్ని నాకే కప్పుతానని పూజ చెప్పేసింది. బ్యానర్ సిద్ధంగానే ఉంది. మావయ్య ఉపన్యాసం కూడా సిద్ధంగానే ఉంది, ఈసారి నిజమైన పదవీ విరమణే కాబట్టి అందులో పేరు తప్ప ఒక్క మాట కూడా మార్చక్కర్లేదట.