ఎర్ర దీపం వెలిగితే

డెబ్బైలలో కూకట్‌పల్లి దగ్గర ఒక ఫ్యాక్టరీలో నేను డ్రాయింగులు గీసేదాన్ని. రేకులు కొట్టే ప్రెస్సు మీద బటన్లు, దీపాలు ఎక్కడుండాలో మా విభాగమే తేల్చేది. మిషను నడుస్తుంటే ఎర్ర దీపం, ఆగితే ఆకుపచ్చ. ఎర్రగా ఉంటే కరెంటుంది, ముట్టుకోవద్దని కరెంటు ఇంజనీర్ల ఆనవాయితీ. షెడ్డులో పాత ప్రెస్సులకు దీపాల్లేవు, కొత్తగా తెచ్చినవాటికి అలాగే గీశాను. నడిపేవాళ్లను అడగలేదు. చదువుకున్నానన్న పొగరు.

అవి వచ్చిన మూడో రోజే, రాయదుర్గం నుంచి సైకిలు మీద వచ్చే పాత ఆపరేటరు, నడుస్తున్న మిషనులో చెయ్యి పెట్టాడు. రెండు గోళ్లు ఊడిపోయాయి. వేళ్లు దక్కాయి, అదే పదివేలు. అజాగ్రత్త అని ఉద్యోగంలోంచి తీసేయడానికి మేనేజరు విచారణ పెట్టాడు.

నేను దవాఖానకు వెళ్లి, పరామర్శ మానేసి మందలింపు మొదలుపెట్టాను. "ఎర్ర దీపం కనబడుతుంటే చెయ్యెలా పెట్టారండీ?"

"ఎర్రగుంటె ఆగినట్టే గద మేడమ్? రైలు సిగ్నలు గట్లనే ఉంటది గద. షెడ్డుల ఆ లొల్లికి మిషను సప్పుడు యాడ ఇనొస్తది?"

షెడ్డుకెళ్లి మిగతావాళ్లను అడిగాను. చాలామంది ఆయన చెప్పిందే చెప్పారు. సిగ్గుతో చచ్చిపోయాను.

విచారణకు పిలవని పేరంటానికి వెళ్లినట్టు వెళ్లి కూర్చున్నాను. "ఆనవాయితీ ఆనవాయితీయే, వాళ్లే నేర్చుకోవాలి" అన్నాడు మేనేజరు.

"దీపం ఇంజనీర్లకి కాదండీ, దాని ముందు నిలబడేవాడికి అర్థం కావాలి" అన్నాను. డ్రాయింగు బల్ల మీద పరిచి, మూలనున్న నా సంతకం చూపించాను. "తప్పు చేసినవాళ్ల పేరు ఇదిగో. తీసేస్తే నన్ను తియ్యండి."

ఆపరేటరు ఉద్యోగం నిలిచింది, దీపాల రంగులు మాత్రం మార్చనివ్వలేదు. నాకు మెమో వచ్చింది. వస్తే రానీ అనుకుని, దీపాల కింద "నడుస్తోంది", "ఆగింది" అని పెద్ద తెలుగు అక్షరాలతో కొత్త డ్రాయింగు గీశాను. ఈసారి సంతకం పెట్టకముందే తీసుకెళ్లి ఆయనకు చూపించాను. నిజం చెప్పాలంటే మెచ్చుకుంటాడనే వెళ్లాను.

కట్టు కట్టిన చేత్తోనే కాగితం పట్టుకుని, రెండో చేతి వేలు అక్షరాల కింద జరుపుతూ చదివాడు.

"నాకైతే ఎరుకైతది మేడమ్. మరి నా పక్క ప్రెస్సాయనకు సదువు రాదు గద?"

కాగితం వెనక్కి తీసుకున్నాను. పెన్ను మూసేసి, పెన్సిలూ రబ్బరూ తీసి, ఆయన పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నాను.