శెనక్కాయల రాశి దగ్గర మాదేవి

ఆదోనిలో మేముండే వీధి చివర ఒక గిడ్డంగి ఉంది. సీజనులో దాని తలుపులు తీస్తే చాలు, కొత్త శెనక్కాయల వాసన వీధంతా నిండిపోతుంది. వేయించిన పప్పు వాసన కాదు. పొట్టుమీద ఎర్రమట్టి ఇంకా అంటుకుని ఉన్న పచ్చి కాయల వాసన, గోనెసంచి వాసన, కొంచెం ముక్కు దురద పెట్టే దుమ్ము వాసన. దారిన పోయేవాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. నేను మాత్రం అక్కడ కాసేపు నిలబడతాను, నిలబడిన ప్రతిసారీ నా కడుపులో పాత మంట ఒకటి లేస్తుంది. ఆ మంట పేరు మాదేవి. మా చిన్నాయన కూతురు, నాకంటే ఏడాది చిన్నది.

మా ఇల్లు ఎమ్మిగనూరు ఊరి చివర, పొలాలు మొదలయ్యే చోట ఉండేది. ఎండాకాలం సెలవులివ్వగానే దేవనకొండ నుంచి చిన్నాయన మాదేవిని తెచ్చి మా ఇంట్లో వదిలిపెట్టేవాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే విత్తనాల పని మొదలయ్యేది. వానలు పడేలోగా విత్తనం శెనక్కాయలు ఒలిచి పెట్టుకోవాలి, మిషన్‌కు వేస్తే పప్పు బద్దలైపోతుందని చేత్తోనే ఒలిచేవాళ్ళు. మధ్యాహ్నం జొన్నరొట్టె, గోంగూర పప్పు తిన్నాక, బయట నిప్పులు చెరిగే ఎండలో కాకి కూడా అరవని వేళ, మట్టిమిద్దె కింద చల్లటి చీకట్లో, పైన గవాక్షిలోంచి పడే గుండ్రటి వెలుతురు నేలమీద మెల్లగా జరుగుతుండగా, నడిమింట్లో కాయలు రాశిగా పోసి చుట్టూ కూర్చునేవాళ్ళం. మా అమ్మ, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, కూలికి వచ్చినవాళ్ళు, పిల్లలం. కాయ కొన నొక్కితే టప్‌మని విచ్చుకునేది. కాసేపటికి బొటనవేలు ఎర్రగా కందిపోయేది. మా ఇద్దరికీ నాయనమ్మ అయిన అవ్వ మాత్రం గోడకానుకుని, వక్కాకు తిత్తి ఒళ్ళో పెట్టుకుని, ఒలిచిన పప్పు ఎవరి నోట్లోకి పోతుందో కనిపెట్టుకుని ఉండేది. విత్తనానికి దాచిన పప్పు తింటే ఆమెకు ప్రాణం పోయినట్టుండేది.

అందుకే కథలు. కథ చెబుతుంటే చేతులు పనిమీద ఉంటాయి, నోరు జవాబుమీద ఉంటుంది. లోకమంతా కథకు ఊఁ కొడుతుంది, మా ఇంట్లో ఊఁ కొట్టడం కుదరదు. నోటినిండా పప్పు పెట్టుకుని కూడా ఊఁ అనవచ్చని అవ్వ ఎప్పుడో కనిపెట్టింది.

"నోరు తెరిసి ఆఁ అనండి. ఊఁ అంటే నాకు నమ్మకం ల్యా" అనేది.

కాబట్టి కథలో రాజు చచ్చినా, రాణి ఏడ్చినా, అందరం అవ్వకు గొంతు దాకా కనబడేట్టు ఆఁ అనాల్సిందే. కొత్తగా వచ్చిన కూలివాళ్ళు మొదట సిగ్గుపడి, రెండు రోజులకు మాకంటే గట్టిగా అనేవాళ్ళు.

కథ చెప్పే చోటు అవ్వ పక్కన, గవాక్షి వెలుతురు కింద. అక్కడ కూర్చున్నవాళ్ళకు ఒలిచే పని కూడా తగ్గేది. ఆ చోటు నాకు కావాలి. నేను పెద్దదాన్ని, బడిలో ఫస్టు వచ్చేదాన్ని, అవ్వతో ఏడాదంతా ఉండేదాన్ని. మాదేవి ఎండాకాలం చుట్టం. అయినా రాశి పోయగానే అవ్వ నోట ఒకటే మాట.

"మాదేవి యాడికి పోయిందిమే? రమ్మను, వొచ్చి కూసోమను."

మాదేవి వచ్చి కూర్చునేది. ఏమీ ఆలోచించుకుని వచ్చేది కాదు, అది నాకు బాగా తెలుసు. పొద్దున్నించి నాతోనే కదా అచ్చనగాయలాడింది! ఒకసారి ఇటూ అటూ చూసేది. గోడమీద బల్లి కనబడితే బల్లితో, వీధిలో చింతపండు అమ్మేవాడి కేక వినబడితే వాడితో మొదలుపెట్టేది. ఆ తర్వాత ఏమవుతుందో దానికే తెలియదు. ఎవరి ఆఁ పలచబడితే అటు చూసి కథను ఇంకో దారికి తిప్పేది. కూలికి వచ్చిన ముసలావిడ ఎవరైనా నిద్రకు తూగితే కథలో దొంగ పడేవాడు, పిల్లలు కదిలితే కథలో చెట్టో గొడ్డో మాట్లాడటం మొదలుపెట్టేది. చేతులు కదలడం మానేసేవి, అవ్వ కూడా కసురుకోవడం మరిచిపోయి నోరు తెరుచుకుని వినేది. నేను దాన్ని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకునేదాన్ని. దాని గొంతు పోవాలని, చిన్నాయన వచ్చి తీసుకుపోవాలని కోరుకునేదాన్ని.

ఒక ఏడు పట్టుబట్టి నేను కథ తయారుచేసుకున్నాను. ఏరువాక పున్నానికి ఎద్దుల కొమ్ములకు రంగులు పూస్తూ, ఓళిగలకు పూర్ణం రుబ్బుతూ, మొదలు నుంచి చివరి దాకా మనసులో వరుసగా పేర్చుకున్నాను. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఏడవాలో కూడా నిర్ణయించేశాను. మర్నాడు మిగిలిన కాయల రాశి దగ్గర మాదేవి కంటే ముందే పోయి ఆ చోట్లో కూర్చున్నాను. సగం దాకా బాగానే ఆఁ అన్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరే తగ్గిపోయారు.

"బాగుండాది గానీ, సివరికి ఆ తమ్ముడే దొంగ గదా. నాకు ఎప్పుడో తెల్సిపాయ" అంది అవ్వ.

అక్కడితో అయిపోయింది. ఆ రోజు సాయంత్రం తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే, ఏడుపు ఆపుకుంటూ మాదేవిని అడిగాను, తర్వాత ఏమవుతుందో నీకెట్లా తెలుస్తుందని.

"నాకేం తెల్సక్కా! సెప్తాంటే కతలో ఆయమ్మ యాడికో పోతాంటాది, నేను యెనకాలే పోతాంటాను" అంది, ఇందులో అడగడానికేముందన్నట్టు.

పెద్దయ్యాక కథలు రాయాలన్న పిచ్చి నాకే పట్టింది, దానికి కాదు. ఆదోనిలో ప్రైవేటు బడిలో తెలుగు చెబుతూ, ఏళ్ళ తరబడి కథకు ముందు ప్లాను రాసుకునేదాన్ని. పాత్రలు, మలుపులు, ముగింపు అన్నీ పెద్ద కాగితం మీద బాణం గుర్తులతో. ప్లాను పూర్తయ్యేసరికి కథ మీద మోజు తీరిపోయేది. చివర తెలిసిపోయాక ఇక కష్టపడి రాయడమెందుకు? అట్లా బీరువాలో కాగితాలు పెరిగాయి గానీ ఒక్క కథా తెగలేదు. చివరికి, ఒప్పుకోవడానికి మనసు రాకపోయినా, మాదేవి దారే పట్టాను. తెల్లవారకముందే లేచి, వంటింటి గడపలో అదే చోట పీట వేసుకుని, ఎదురుగా కనబడినదానితో మొదలుపెడతాను. ఒక రోజు వంట గట్టుమీద ఎవరిదో స్టీలు క్యారియర్ ఉంది. ఒకామె ఆ క్యారియర్ తిరిగిచ్చేద్దామని ఎమ్మిగనూరు బస్టాండులో దిగింది అని రాశాను. ఎవరికి ఇవ్వాలో నాకు తెలియదు. మర్నాడు రాస్తుంటే ఆమె పోయిన ఇంటికి తాళం వేసి ఉంది. ఆ తాళం చూసి ఆమెకు దుఃఖం కాకుండా సంతోషం కలిగింది. ఎందుకో తెలుసుకోవాలన్న ఆత్రంతో ఆ వారమంతా రాశాను. మాదేవి కాయల రాశి అయిపోగానే కథను ఠక్కున ఆపేసేది, ఎంత బతిమాలినా చెప్పేది కాదు. నేనూ నాకే తర్వాతేమిటో తెలుసుకోవాలనిపించే చోట కలం మూసేస్తాను. నిన్నటిది దిద్దడానికి కూర్చోను, అదంతా కథ అయిపోయాకే. కొన్ని కథలు లోపల పప్పు లేని లొట్టకాయల్లా పోతాయి, పోనిస్తాను. అట్లా మొన్నటికి ఒక పుస్తకం అచ్చయింది.

ఆ పుస్తకం తీసుకుని దేవనకొండ పోయాను. నిజం చెప్పాలంటే మాదేవికి చూపించి గొప్పలు పోదామనే పోయాను. అది పత్తి చేను నుంచి అప్పుడే వచ్చి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని పుస్తకం అందుకుంది. అట్టమీద నా పేరును వేలితో తడిమింది.

"నీ మింద నాకు సిన్నప్పట్నించి కుళ్ళేనక్కా" అంది నవ్వుతూ. "నువ్వు ఆ పొద్దు సివరి దాకా సెప్తివి. నేను యాన్నో ఒగసోట ఇడిసిపెడ్తాంటి. నాకు ఒగటీ ముగించేది రాకపాయ."

ఇప్పుడు కథలు చెప్పడం లేదా అని అడిగాను.

"ఎవరికి సెప్పేది? విత్తనాలు సంచుల్లో వొస్తాండాయి, ఒలిసేదే ల్యా. సేన్లో అందురూ ఫోన్లో పాటలు పెట్టుకుంటారు. నా కూతురు అడుగుతాది గానీ, నోట్లోకి రావు." ఆశగా నా వైపు చూసింది. "నావి నీకు గ్యాపకం ఉంటాయి గదా? నువ్వు కండ్లు ఆర్పకుండా ఇంటాంటివే. ఒగటి సెప్పు, దానికి సెప్పుకుంటాను."

చెప్పబోయాను. ఒక ఊళ్ళో ఒకామె ఉంది, ఎన్ని చెప్పులు కొన్నా ఆమెకు ఎడమ చెప్పే తెగిపోతుంది.

"ఆఁ, అది నాదే! ఆమీట?" అంది మాదేవి.

ఆ తర్వాత నాకు తెలియలేదు. ఎంత వెతుక్కున్నా దాని పసుపు పావడా గుర్తొస్తుంది, అందరి చేతులు ఆగిపోవడం గుర్తొస్తుంది, నా కడుపులో మంట గుర్తొస్తుంది. అది ఎట్లా చెబుతోందో చూశానే తప్ప ఏం చెబుతోందో నేను వినలేదు. ఇంకో కథ మొదలు కూడా దొరకలేదు.

"పోన్లే. గ్యాపకమొస్తే ఫోన్ సెయ్యక్కా" అంది, బస్సు ఎక్కిస్తూ.

ఆ ఎడమ చెప్పు ఆమె ఎక్కడికి పోయిందో నేను రాసేయగలను, ఆ పని ఇప్పుడు నాకు వచ్చు. రోజుకింత రాస్తే నెల తిరక్కుండా కథ అవుతుంది, బాగానే ఉంటుంది. కానీ అది నా కథ అవుతుంది. మాదేవి అడిగింది దాని కథ. ఇప్పటిదాకా దానికి ఫోన్ చేయలేదు.