పిట్టల గట్టులో పాము

నా చిన్నప్పుడు బోయిన్‌పల్లిలో మా ఇంటి వెనక వాగు గోదావరంత ఉండేదని మనవళ్లకు చెబుతుంటాను. నిజానికి మోకాలు తడిస్తే గొప్ప. దాని ఇసుకమట్టి గట్టు మాత్రం మనిషెత్తు ఉండేది, ఒట్టు. చలికాలం మొదలవగానే చిన్న వానకోయిల పిట్టలు ఎక్కడినుంచో వచ్చి, ఆ గట్టుకు సొరంగాలు తొలిచి గూళ్లు పెట్టేవి.

క్రిస్మస్‌కు ముందు మా వాడంతా ఆ గట్టు మట్టే తవ్వి తెచ్చి గోడలకు పూసేది. ఆ పూతలో మా నాయనమ్మను మించినవాళ్లు లేరు. ఆమె ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్పేది. అబద్ధమాడితే చెవి మెలిపెట్టేది. నా కుడిచెవి అందుకే కాస్త పొడుగు.

ఆ ఏడు ఆమె గడ్డపార ఎత్తేలోగా నేను ఒక బొరియలో మోచేతిదాకా చెయ్యి పెట్టాను. లోపల వెచ్చగా, మెత్తగా ఏదో నా వేలిని పట్టుకుంది. కెవ్వుమన్నాను. నాయనమ్మ బొరియకు చెవి ఆనించి విన్నది. పిట్టపిల్లల కిచకిచలు. మెల్లగా గడ్డపార దించేసింది.

అంతలో పక్కింటి అత్త, ఆమె వెనక వాడలోని ఆడవాళ్లు తట్టలతో, పారలతో దిగారు. నాలుగు దెబ్బలు పడితే గూళ్లన్నీ కూలిపోయేవి.

"ఆగుర్రి! గట్టు బొక్కల పాముంది. బారెడుంది!" అని అరిచింది నాయనమ్మ.

నేను కొయ్యబారిపోయాను. మా నాయనమ్మ నోట అబద్ధం!

"నిజమా పెద్దమ్మా? పోయినేడు లేకుండె గద?" అంటూ అత్త పార ఎత్తింది.

"గీ పోరన్ని అడుగు. చెయ్యి పెట్టి ఎట్ల ఒర్లిండో!"

అందరూ నావైపు తిరిగారు. నా చెవి మెలిపెట్టే చెయ్యి నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

"బుస్సుమన్నది అత్తా. పడగ సుత ఉంది," అన్నాను.

ఈసారి కొయ్యబారడం నాయనమ్మ వంతయింది. అత్త పార చంకన పెట్టుకుని, వెనక్కి చూడకుండా నడిచింది.

ఆ క్రిస్మస్‌కు మా గోడలకు పూత లేదు. పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగేవాళ్లు మా వాకిట్లోకి వస్తే, నాయనమ్మ పెచ్చులూడిన చోట వీపు ఆనించి నిలబడి గొంతు కలిపింది. చర్చిలో అబద్ధాల పాఠం వచ్చిన రోజు మాత్రం దగ్గొస్తోందని బయటికి వెళ్లిపోయింది.

మొన్న మా అపార్ట్‌మెంట్ పక్కన తవ్వి వదిలేసిన పునాది గుంతలో, మట్టి గోడకు మళ్లీ ఆ బొరియలు కనిపించాయి. పిల్లలు కర్రలతో పొడవబోతున్నారు.

"జెర ఆగుండ్రి, లోపట రెండు బారల పాముంది," అన్నాను. కర్రలు పడేసి పరుగెత్తారు.

అందులో ఒక బార నాయనమ్మది. రెండోదే నాది.